రాసింది రాసినట్టు

"తప్పు దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు," అన్నాడు పెద్దసారు, కుర్చీలో వెనక్కి వాలి.

ఆయన ఆ మాట అనడం అది నాలుగోసారి. గీతలాయన ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. గీతలాయన అని పేరేగానీ ఆయన గీత గీసి పదేళ్ళయింది. ఇప్పుడు ఇళ్ళ ఆకారాలను గీయరు, కంప్యూటరు భాషలో రాస్తారు. ఇంత పొడవు, ఇంత మందం గోడ నిలబెట్టమని ఒక వాక్యం, అందులోంచి ఇంత మేర తీసెయ్యమని ఇంకో వాక్యం. రాసింది రాసినట్టు సిమెంటు పొరమీద పొర పోసుకుంటూ పోతుంది యంత్రం. దానికి సొంత బుర్ర లేదు.

దాని పనితనం దగ్గరుండి చూడాలని పొద్దున, గోడలు మోకాలెత్తున ఉన్నప్పుడు, వాటి మధ్య ఇద్దరూ వేయించుకున్న కుర్చీలవి. వాళ్ళు కబుర్లలో ఉండగానే పైకప్పు కూడా పూర్తయింది. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళు రిబ్బను ఎక్కడ కట్టాలో తేల్చుకోలేక బయట గొణుక్కుంటున్నారు.

గీతలాయన ఫోను మోగింది. కూతురు. అయిదింటికి బళ్ళో ఆ పిల్ల నాటకం. పోయినేడూ, అంతకుముందేడూ వస్తానని చెప్పి ఎగ్గొట్టాడు. ఈసారి ఒట్టేశాడు.

"నాన్నా, బయల్దేరావా? ముందు వరసలో నీకు కుర్చీ పట్టి ఉంచాను."

"ఇంకా లేదమ్మా. పనిలో ఇరుక్కుపోయాను."

"మీ సారుకివ్వు, నేను మాట్లాడతా."

కాదనలేక ఇచ్చాడు.

"మీ నాన్నని నేను ఆపట్లేదు తల్లీ," అన్నాడు పెద్దసారు మెత్తగా.

"మరెవరు ఆపుతున్నారు?"

పెద్దసారు గోడ వైపు ఒకసారి చూసి, ఫోను తిరిగి ఇచ్చేశాడు.

గీతలాయనకు ఏడుపొక్కటే తక్కువ. గాలి కన్నాలు మరవలేదు, కరెంటు తీగల కన్నాలు మరవలేదు, ఆఖరికి కాలింగ్ బెల్లు మీటకు గుంట కూడా మరవలేదు. నూట పన్నెండో వాక్యం దగ్గర వేలు ఆగింది. గోడ నున్నగా వస్తుందో లేదో చూద్దామని నిన్న ఆ వాక్యం ముందు, దీన్ని చదవొద్దని యంత్రానికి చెప్పే గుర్తు పెట్టాడు. తియ్యడం మరిచాడు.

"దొరికిందండీ," అంటూ గుర్తు చెరిపేశాడు.

పెద్దసారు లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఇక సరిపోయినట్టేగా?"

"రేపు కట్టబోయే ఇంటికి సరిపోతుందండీ," అన్నాడు గీతలాయన, తల ఎత్తకుండా.

ఈ ఇంటికి గుమ్మం లేదు.