ఇంకొక్కసారి, మేడం

"మేడం, నాకు తలకెక్కలే. ఇంకొక్కసారి చెప్పరా?"

ఫోన్‌లోంచి ఆ గొంతు వినగానే యాదలక్ష్మి కుట్టుమిషన్ ఆపింది.

వెంటనే పదిమంది పిల్లల నవ్వు.

"మళ్ల ఆ పిల్లేనా?" అంది లోపలి గదిలోకి తొంగిచూస్తూ.

కూతురు సంతోషి తలూపింది. దాని వేళ్లు ఫోన్ మీద టకటకా ఆడుతూనే ఉన్నాయి.

"క్లాసు నడుస్తుంటె ఎవలకు రాస్తున్నవే?"

"నో... నోట్సమ్మా."

నోట్సు పుస్తకంలో రాస్తారు గానీ ఫోన్‌లో రాస్తారా?

ఫోన్‌లో ఎలాంటి మనుషులుంటారో టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారు. అందుకే బిడ్డకు ఇయర్‌ఫోన్లు కొననివ్వలేదు. క్లాసు మొత్తం తన చెవిన పడాల్సిందే.

సంతోషికి పదమూడేళ్లు. నత్తి. ఏడో తరగతిలో లేచి పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి రోజూ బడి టైముకు కడుపునొప్పి. రెండు నెలలు దవాఖానల చుట్టూ తిరిగాక తెలిసింది, నొప్పి కడుపులో లేదని.

బడి మాన్పించారు. ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలను ఎల్బీనగర్‌లో ఉండే వేదవతి మేడం ఫోన్‌లో ఒకచోట చేర్చి పాఠాలు చెబుతుందంటే అక్కడ చేర్పించారు. ఎప్పటికైనా ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించాలి. ఇది కూడా పోతే ఇక బిడ్డకు చదువు లేదు.

అలాంటి క్లాసులో ఈ మొద్దుపిల్ల ఒకతి. పేరు భావన. ఉండేది చంపాపేట్. సంతోషి కంటే రెండేళ్లు పెద్దది. ప్రతి పాఠం రెండుసార్లు చెప్పించుకుంటుంది.

శనివారం పాఠాలుండవు. పిల్లలంతా ఫోన్‌లోనే కూడి పొడుపుకథలు వేసుకుంటారు. అప్పుడు అందరికంటే ముందు విప్పేది కూడా ఆ గొంతే.

"ఆటలకైతే బుర్ర మస్తు పనిచేస్తది" అంది యాదలక్ష్మి మొగుడు తిరుపతితో. "చెప్పిందే మళ్ల చెప్పిచ్చుకుంటది. గా పిల్లతోని మన బిడ్డ కూడ పాడైతది."

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల దుకాణానికి బయల్దేరుతున్నాడు.

"నాతోని రోజు చెప్పిందే చెప్పిస్తవ్. మరి నిన్నేమనాలె?" అని చెప్పులేసుకున్నాడు.

ఆయనకేం, దుకాణానికి పోతాడు. వినేది తను.

వేదవతి మేడానికి ఫోన్ చేసింది.

"మేడం, ఆ భావనతోని మా బిడ్డ ఎనకవడుతుంది."

"భావనా? పరీక్ష పెడితే అందరికంటే బాగా రాస్తుందండీ. క్లాసులోనే ఎందుకో అన్నీ మళ్లీ అడుగుతుంది."

"సూసి రాస్తుందేమో. ఇంట్ల కూసొని రాసేది ఎవరు సూడొచ్చిర్రు?"

"ఇంకో తల్లి కూడా ఇదే అన్నారు. సరే, సాయంత్రం బ్యాచ్‌కి మారుస్తానులెండి."

సోమవారం క్లాసు నిశ్శబ్దంగా సాగింది. పది నిమిషాల ముందే అయిపోయింది. సంతోషి ఫోన్ మీద టకటకలు కూడా లేవు. యాదలక్ష్మి ప్రాణం కుదుటపడింది. ఆ పూట అదనంగా ఇంకో రెండు చీరలకు ఫాల్స్ కుట్టింది.

మంగళవారం సంతోషి పుస్తకం తెరిచి చూస్తే లెక్కలన్నీ సగంలో ఆగి ఉన్నాయి.

బుధవారం పొద్దున, క్లాసుకు గంట ముందు అంది.

"అ... అమ్మా, కడుపు నొ... నొస్తుంది."

యాదలక్ష్మి మిషన్ వదిలి లేచింది. మళ్లీ అదే మాట.

"వద్దు బిడ్డా. ఇయ్యాల క్లాసు బంద్ చెయ్యి. పండుకో."

సంతోషి పడుకోలేదు. చాలాసేపు ఫోన్‌ను చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని చెవికి ఆనించుకుని ఏదో వింది. మళ్లీ మొదటి నుంచి వింది.

"క్లా... క్లాసుల కూసుంటనమ్మా."

మిషన్ ముందు కూర్చుందే గానీ యాదలక్ష్మి కాలు ఆడలేదు.

"అందరికీ అర్థమైందా?" అంది మేడం.

"ఎస్ మేడం" అన్నారు పిల్లలు.

"మే... మే... మేడం."

ఆ గొంతు ఫోన్‌లోంచి రాలేదు. తన ఇంట్లోంచే వచ్చింది.

"ఇం... ఇం... ఇం..."

ఫోన్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఏది జరగకూడదని ఇన్నాళ్లూ కాపలా కాసిందో అదే జరిగింది. యాదలక్ష్మి ఫోన్ ఆపేయడానికి గదిలోకి ఉరికింది. సంతోషి చెయ్యెత్తి ఆగమంది.

"ఇంకొ... ఇంకొక్కసారి చె... చెప్పరా?"

"చెబుతానమ్మా" అంది మేడం. లెక్క మళ్లీ మొదలుపెట్టింది.

"థాంక్స్ సంతోషీ, నాక్కూడా రాలేదు" అని ఇంకో పిల్లాడి గొంతు.

క్లాసు అయ్యేదాకా యాదలక్ష్మి గుమ్మం పట్టుకునే నిలబడింది. అయ్యాక వచ్చి బిడ్డ నుదురు తడిమింది.

"కడుపు నొస్తుందా?"

"లే... లేదు."

"ఎవరో నవ్విర్రు గద బిడ్డా."

"న... నవ్వనీ."

"ఇంత ధైర్యం యాడికెళ్లి ఒచ్చిందే నీకు?"

సంతోషి ఫోన్ తల్లి వైపు తిప్పి, ఆదివారం వచ్చిన మెసేజ్ నొక్కింది. తను వెళ్లగొట్టించిన గొంతే గదినిండా వినిపించింది.

"సంతోషీ, నన్ను సాయంత్రం బ్యాచ్‌ల ఏసిర్రు. నువ్వు రాసి పంపే డౌట్లు అడిగేటందుకు ఇగ నేనుండ, నువ్వే అడుగు. ఆర్నెల్ల సంది అందరు నన్ను చూసి నవ్విర్రు గద, నాకేమన్న అయిందా?"