యూ బోల్టుల బిగింపు

కావలి బైపాస్‌లో మెకానిక్ మస్తానయ్య షెడ్డుకి లారీ తనంతట తానే వచ్చి ఆగింది. దాంట్లో డ్రైవరు లేడు. ఇప్పుడు ఏ లారీలోనూ ఉండటంలేదు.

"వెనక ఎడమవైపు బరువు మోసే కమాన్ కట్టలో ఒక ఉక్కు పట్టీ విరిగిందండీ," అంది లారీ.

"చూస్తే తెలీదా నాకు?" అని విసుక్కుంటూ మస్తానయ్య జాకీ ఎత్తాడు. కిందికి దూరి కొత్త పట్టీ వేసి, కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు బిగించాడు. జాకీ దించి, అలవాటు కొద్దీ "బ్రేక్ తొక్కన్నా!" అని కేకేశాడు. బ్రేకు పడింది. "ఎట్టుంది మస్తానయ్యా?" అని పైనుంచి ఎవరూ అడగలేదు.

చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"కొత్త పట్టీ కదా, లోడు పడ్డాక బోల్టులు వదులవుతాయి. ఒక ట్రిప్పు కొట్టి రా, మళ్ళీ బిగిస్తా."

పూర్వం డ్రైవర్లు ఆ బిగింపుకని వచ్చి, టీ తాగి, తిరిగిన ఊళ్ళ కబుర్లన్నీ చెప్పి గానీ కదిలేవాళ్ళు కాదు.

"అక్కర్లేదండీ. దారిలో ఏ డిపోలోనైనా మిషను బిగిస్తుంది."

"బిగిస్తే బిగించనీ. నువ్వయితే రా. టీ పెట్టి ఉంచుతా."

"నేను టీ తాగనండీ."

"తెలుసులే అబ్బయా. నేను తాగేదాకా ఉండు, చాలు."