కదలని స్కూటర్

ఎనిమిదేళ్లుగా వాకిట్లో మూలబడిన స్కూటర్‌ని ఓ పక్కకి వంచి, మెకానిక్ యోగేష్ మళ్లీ కిక్కు కొట్టాడు. ఇంజిన్ దగ్గి దగ్గి, పొగ కక్కి, ఆఖరికి అందుకుంది.

“బ్రేకులు, టైర్లు పూరా ఖరాబ్ పిన్నీ. అవి మార్చకుండా రోడ్డెక్కించొద్దు.”

“ఇంజిన్ ఆడితే చాలు నాయనా,” అంది నాంచారమ్మ నీరసంగా.

అతను వెళ్లాక, ఇంకా ఆడుతున్న ఇంజిన్ చప్పుడికి లోపల్నుంచి ఆమె భర్త వచ్చాడు. మతిమరుపు ముదిరాక ఆయన రోజూ, ఎప్పుడో రిటైరైన ఉర్లా ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతానని తాళం వేసిన గేటుతో పెనుగులాడుతున్నాడు. ఆపలేక ఆమె రెక్కలు పడిపోతున్నాయి.

ఆయన స్కూటరెక్కి హ్యాండిల్ పట్టుకున్నాడు. స్టాండు మీదే బండి చాలాసేపు గుర్రుమంది. తర్వాత ఆయనే ఇంజిన్ ఆపి, దిగి, అరుగు మీద కూలబడ్డాడు.

“వచ్చేశాను. ఈవేళ పని ఎక్కువ. అన్నం పెట్టు.”

గేటు వైపు చూడనైనా లేదు. నాంచారమ్మ కూడా పక్కనే చతికిలబడింది.

“రేపు సెలవేనా అండీ?”

“సెలవెక్కడిది? పొద్దున్నే పోవాలి.”

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి, ట్యాంకు మూత తీసి, పెట్రోలు ఎంతుందో చూసింది.