మంచినీళ్ల సీసా

సుంకవ్వ రాగి చెంబు తెచ్చి, చక్కెర ఫ్యాక్టరీ మేనేజర్ గోపీచంద్ బల్ల మీద పెట్టింది.

"మా బోరు నీళ్లు సార్. ఒక్క గుక్క తాగు. మా బర్రెలే మూతి పెడ్తలేవు, మా పిల్లలు తాగాల్నా?"

గోపీచంద్ చెంబును ఒక్క వేలితో పక్కకు జరిపాడు. ఇంటి నుంచి వచ్చిన ఫ్లాస్కు మూత తిప్పి, యాలకులు దండిగా పడ్డ టీ కప్పులో పోసుకున్నాడు. క్యాంటీన్ టీ ఆయన ముట్టడు. శుభ్రత విషయంలో చాలా పట్టింపు మనిషి.

"బోరు నీళ్లు పాడైతే భూమినడగాలమ్మా, నన్నడిగితే ఎట్టా? మేం నీళ్లు శుద్ధి చేశాకే వాగులోకి వదులుతున్నాం."

"వాగు నల్లగ పారుతుంది గద సార్."

"ఇది నల్లరేగడి నేల. వాగు నల్లగా పారక తెల్లగా పారుద్దా?"

సుంకవ్వ కదల్లేదు. కవితాళ సంతకు పోయే బస్సు పోయినా కదల్లేదు. గోపీచంద్‌కు విసుగొచ్చింది.

"సరే. సోమవారం తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు. మా నీళ్లు పరీక్షలో తప్పితే మీ ఊరికి పైపు వేయించి మంచినీళ్లిస్తా. పాసైతే నువ్వు మళ్లీ ఈ గేటు తొక్కకూడదు."

"రాసియ్యి సార్."

పరీక్షలు ఎలా పాసవ్వాలో బాగా తెలిసినవాడు కాబట్టి, ధీమాగా రాసి సంతకం పెట్టిచ్చాడు.

ఆ ఫ్యాక్టరీలో ఈ పరీక్షను నిజమనుకున్నవాడు ఒక్కడే, కొత్త కెమిస్టు లోకేశ్. రాయచూరు వాడు, శక్తినగర్ కరెంటు ప్లాంటులో నీటి శుద్ధి పని నేర్చుకుని వచ్చాడు. నాలుగు రోజులు ఫ్యాక్టరీ మురుగునీళ్ల తొట్టి గట్టు మీదే ఉన్నాడు. సున్నం కలిపాడు, పటిక కలిపాడు, మడ్డి అంతా అడుక్కి దిగేదాకా కాపలా కాశాడు, పైన తేరిన నీళ్లకు గాలి పట్టించాడు. సోమవారం పొద్దున సీసాతో మేనేజర్ గదిలోకి వచ్చాడు.

"పాసైతయి సార్. మూడుసార్లు పరీక్ష చేసి చూసిన."

గోపీచంద్ సీసాను కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "కొంచెం పసుపుగా ఉన్నాయేంటయ్యా?"

"రంగుతోటి ఏం లేదు సార్. లోపల చెడు లేదు."

"పదేళ్లుగా శుద్ధి కాని నీళ్లు నాలుగు రోజుల్లో అయిపోయాయా? నీ సున్నం మీద నాకు నమ్మకం లేదు."

అని ఆ నీళ్లను కిటికీలో ఉన్న పూలకుండీలో పోసేశాడు. లోకేశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

తనిఖీ ఆఫీసరు ముక్కు చాలా సున్నితం. అందుకని తొట్టి దగ్గరికి పోకుండా గెస్ట్‌హౌసులో జొన్నరొట్టె ముందు కూర్చుని, సీసా అక్కడికే పంపమన్నాడు. గోపీచంద్ అటెండరు ఈరప్పను పిలిచి ఖాళీ సీసా చేతిలో పెట్టాడు.

"అద్దంలాంటి మంచినీళ్లు పట్టుకురా. ఎక్కడివైనా సరే, సుంకవ్వ ఊరి వైపు మాత్రం పోకు."

ఈరప్ప పది నిమిషాల్లో సైకిలు మీద తిరిగొచ్చాడు. నీళ్లు నిజంగానే అద్దంలా ఉన్నాయి. ఆఫీసరు చెయ్యి కడుక్కుని, సీసాకు సీలు వేసి తీసుకెళ్లాడు.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. కబురు తెలిసి సుంకవ్వ సంతకం కాగితంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. గోపీచంద్ ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, ఒక గుక్క తాగి, నవ్వుతూ కవరు చింపాడు.

'ఈ నీరు తాగడానికి కాదు గదా, వాగులోకి వదలడానికి కూడా పనికిరాదు.'

ఆయన రెండుసార్లు చదివాడు. గుమ్మంలో సుంకవ్వ చేతిలో ఉన్న కాగితాన్ని చూశాడు. కోపంతో ఈరప్పను కేకేశాడు.

"మంచినీళ్లు తెమ్మంటే ఏ మురుగ్గుంటలో ముంచుకొచ్చావురా?"

ఈరప్ప బిత్తరపోయి బల్ల మీది కప్పు వైపు చూశాడు.

"గుంటలెందుకు ముంచుత సార్? పెద్దోళ్లింట్ల నీళ్లు మంచిగుంటయని మీ బంగ్లా బోరు కాడనే పట్టిన, రోజూ అమ్మగారు మీ చాయ్‌కి పట్టే నల్లాకే."