ఎవరి పురుగు?

గొలుసు దెబ్బకి మేతవాడి చెవి చిరిగి వేలాడింది.

"చెప్పరా! తొట్టి పక్కన దొడ్డికి కూర్చున్నది నువ్వేనా?"

"నా బిడ్డల మీద ఒట్టయ్యా, నేను కాదు."

షెడ్డు యజమాని చేతిలో గొలుసు మళ్లీ లేచింది. ఈసారి భుజం పగిలింది. పందులకి మేత వేసి బతికే ఆ ముసలివాడు సిమెంటు గచ్చు మీద బోర్లా పడ్డాడు. ఖాళీ షెడ్డులో అతని కేక గోడ నుంచి గోడకి తిరిగింది.

షెడ్డు ఖాళీ అవడమే ఈ గొడవకంతటికీ కారణం. పోయిన వారం కబేళాలో మొదటి పందిని కోయగానే లోపల కండ నిండా బియ్యపు గింజల్లా తెల్లటి పొక్కులు కనిపించాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. బద్దెపురుగు పిల్లలవి. మందనంతా తగలబెట్టించారు. మనిషి కడుపులో ఉన్న పురుగు గుడ్లు మేతలో కలిస్తేనే పందులకి ఇలా అవుతుందని కబేళా డాక్టరు చెప్పాడు. షెడ్డు యజమాని చెవికి అందులో 'మనిషి' అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. ఆ మనిషి ఎవరో పరీక్ష చేసి చెప్తాం, ఆగండి అన్నారు ల్యాబువాళ్లు. ఆగడమనేది ఆయన ఒంట్లోనే లేదు.

"చచ్చిపోతాడు బావగారూ! వదిలెయ్యండి!" గుమ్మంలో ఆయన తమ్ముడి భార్య నీళ్ల బకెట్టుతో నిలబడి అరిచింది.

"చావనీ! నా పందులు చావలేదా?"

ఆమెని తోసుకుంటూ లోపలికొచ్చింది పురుగులమ్మ. ల్యాబులో పెద్ద ఉద్యోగమే కానీ, కనిపించిన ప్రతివాడి దొడ్డిలోంచీ పురుగు ముక్కలు ఏరి సీసాలో దాచుకుంటుందని పనివాళ్లు ఆ పేరు పెట్టారు. పోయినేడు ఈ ఇంట్లో వాళ్లవీ, పనివాళ్లవీ అన్నీ అలాగే పట్టుకెళ్లి, పురుగు చావడానికి తలా ఒక మాత్ర ఇచ్చింది.

"ఆపండి! ఆయనది కాదు!"

గొలుసు గాల్లో ఆగింది. "మరెవడిది?"

"మనకి ఇంటిపేర్లున్నట్టే ఈ పురుగుల్లోనూ వంశాలుంటాయండీ. ఈయన కడుపులోది ఈ చుట్టుపక్కల రకం. మీ పందుల్లోది వేరు. అన్నిట్లోనూ ఒక్కటే వంశం, ఒక్క మనిషిదే. సముద్రం అవతల తిరిగొచ్చిన రకం."

"పేరు చెప్పండి డాక్టరమ్మా. వాణ్ణి ముక్కలు ముక్కలుగా నరికి ఈ తొట్టిలోనే పడేస్తా!" గోడకి వేలాడుతున్న కత్తి వైపు చెయ్యి చూపించాడు.

పురుగులమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ తమ్ముడిది."

బకెట్టు కింద పడింది. నీళ్లు మేతవాడి రక్తంలో కలిసి పారాయి.

ఓడల మీద ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చిన మొగుడు, షెడ్డులో సగం వాటా అడిగి అన్నతో కలబడ్డ రాత్రి నుంచీ కనబడలేదు. ఎవత్తెతోనో లేచిపోయాడని బావగారు చెప్పాడు. ఆమె నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయింది. ఇన్నాళ్లకి మొగుడి సంగతి వినబడితే, అది కడుపులో పురుగు సంగతి.

"మీరిచ్చిన మాత్ర చేదని ఉమ్మేశాడమ్మా," అంది. ఏడుస్తూనే నవ్వింది. "నా కూడు తిని బతికేదాన్ని చంపడమెందుకే, పడుండనీ అన్నాడు."

యజమాని పకపకా నవ్వాడు. "అదీ సంగతి! పోయేవాడు ఊరికే పోకుండా తొట్టి పక్కన కూర్చుని మరీ పోయాడన్నమాట. దొంగ వెధవ!"

"కాదయ్యా." మేతవాడు మోచేతుల మీద లేచాడు. మాటతో పాటు ఒక పన్ను కింద పడింది. "చిన్నయ్యగారు పోయిన రాత్రి ఇక్కడ పందుల్లేవు. మర్నాడు పొద్దున కదా పందుల లారీ వచ్చింది? నేను కడిగి పోయిన తొట్టి అది, అద్దంలా ఉంది."

"నోర్ముయ్!"

"ఆ పొద్దున నన్ను రావొద్దన్నారు. మొదటి మేత మీరే వేశారు."

యజమాని ఎత్తబోయిన గొలుసు ఆగిపోయింది.

"అదే నాకూ అర్థం కాలేదు," అంది పురుగులమ్మ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఎవరో పక్కన కూర్చుని పోతే ఒకటి రెండు పందులకి వస్తుంది. ఇక్కడ మందకంతా వచ్చింది, ఒంటినిండా వచ్చింది. గుడ్లు కాదు, పురుగునే తిన్నట్టు. పురుగు ఉన్న కడుపుని..."

ఆమె వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకుంది.

మరదలు వెనక్కి తిరిగి షెడ్డు తలుపుకి గడియ పెట్టింది. గోడ మీది కత్తిని తీసుకుంది. అది బరువనిపించి రెండు చేతులతో పట్టుకుంది.

"నరికి తొట్టిలో పడేస్తానన్నారుగా బావగారూ," అంది దగ్గరికొస్తూ. "ఒకసారి పడేసిన మనిషిని మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తారు?"