ఆరో ఉండ

నిద్రపోతున్న రెండేళ్ళ ఇందుజ కెవ్వుమంది.

తల్లి మానస పరుగెత్తుకొచ్చి చూస్తే, పాప మడమ మీద రెండు పంటి గాట్లు. మంచం కింద నుంచి నల్లగా ఏదో దొడ్లోకి పారిపోయింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయించుకొచ్చారు. పాప గంటలో మళ్ళీ ఆటల్లో పడింది. నాయనమ్మ సుబ్బాయమ్మకి మాత్రం గుండె దడ తగ్గలేదు.

వట్లూరు శివార్లో పొలాలు పూడ్చి కట్టిన కాలనీ అది. ఆ ఏడు కోతలు అయిపోగానే చేలల్లో తిండి లేని ఎలుకలన్నీ ఇళ్ళ మీద పడ్డాయి.

"మందు పెట్టేద్దామే మానసా," అంది సుబ్బాయమ్మ.

"పిల్ల తిరిగే ఇంట్లో మందేంటండీ అత్తయ్యగారూ! పెట్టారంటే దీన్ని తీసుకుని మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను."

మర్నాడు మానస భర్త హేమంత్‌కుమార్ ఎలుకల బుట్టలు పెట్టే నిత్యానందాన్ని పిలుచుకొచ్చాడు. కలిదిండి మనిషి. అరవై దాటాయి. సైకిలుకి రెండు వైపులా వెదురు బుట్టలు వేలాడుతున్నాయి.

అతను మంచం కింద దూరి ఒక పెంటిక తీసి చూపించాడు.

"చిట్టెలుకదైతే బియ్యపుగింజంత ఉంటుందండి. ఇది చూడండి, ఖర్జూరం పిక్కంత ఉంది. పందికొక్కండి బాబుగారూ. దొడ్లో తూము కింద బొరియ ఉండుంటుంది."

బుట్ట పెట్టడానికి దొడ్లోకి వెళ్ళినవాడు, సుబ్బాయమ్మని నెమ్మదిగా పిలిచాడు.

"అమ్మగారండీ, తూము పక్కన నువ్వులు రాలి ఉన్నాయండి. మందు గానీ కలిపి పెట్టారాండి?"

సుబ్బాయమ్మ మొహం పాలిపోయింది.

ఉత్త పిండిలో కలిపితే ఎలుకలు ముట్టవని, నాగుల చవితికి మిగిలిన చిమ్మిలిలో మందు కలిపి ఉండలు చేసి, రాత్రి కోడలు చూడకుండా పెట్టిందావిడ. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి! ఇందుజకి అదంటే ప్రాణం. పిల్లని కాపాడాలన్న కంగారులో ఆ పెద్దావిడకి ఆ సంగతే తట్టలేదు.

"ఎన్ని పెట్టారండి?"

"ఆరు. కోడలికి చెప్పకు నాయనా. నీకు దణ్ణం పెడతాను. పిల్లని తీసుకుని వెళ్ళిపోతుంది."

"చెప్పనండి. ఎవరికీ చెప్పనండి. అన్నీ దొరికేదాకా మీరు మాత్రం పాపని చంక దింపకండి."

అయిదు దొరికాయి.

"పందికొక్కులు తిండి దొరికిన చోట తినవండి. ఈడ్చుకుపోయి ఎక్కడో దాచుకుంటాయి," అన్నాడు నిత్యానందం దిగులుగా.

మర్నాడు బుట్టలో పందికొక్కు పడింది. అతని పని అయిపోయింది. అయినా వస్తూనే ఉన్నాడు. బుట్టలు చూసే నెపంతో బీరువా వెనకా, బియ్యం డబ్బా చాటునా వెతుకుతూనే ఉన్నాడు.

"పందికొక్కు పడింది కదా, ఇంకా ఇతనికి మనింట్లో ఏం పనండీ?" అని మానస మొగుడి దగ్గర గొణిగింది.

మూడోరోజు పొద్దున్న బట్టలు ఆరేసి లోపలికొచ్చిన మానసకి పడకగదిలో నిత్యానందం కనిపించాడు. పాప బొమ్మల అట్టపెట్టెలోంచి చెయ్యి బయటికి తీస్తున్నాడు. గుప్పిట మూసి ఉంది.

"ఏవండీ! ఇలా రండి! పాప ఉంగరం నిన్నట్నించీ కనబడ్డం లేదని చెప్పానా!"

హేమంత్ పరుగున వచ్చాడు.

"గుప్పిట తెరువు."

నిత్యానందం తెరవలేదు.

"తెరవమంటుంటే!"

అతను ఒక్కసారి సుబ్బాయమ్మ వైపు చూశాడు. పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉందావిడ. ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటకే ఆవిడకి నోరు పెగల్లేదు.

హేమంత్ అతని చెంప ఛెళ్ళుమనిపించాడు.

"తప్పయిపోయిందండి బాబుగారూ," అన్నాడు నిత్యానందం. గుప్పిట విప్పకుండానే విదిలించుకుని వీధిలోకి పరుగెత్తాడు. బుట్టలు అక్కడే వదిలేశాడు. సైకిలెక్కి పోతుంటే వీధి వీధంతా దొంగ, దొంగ అని అరిచింది. ఆ తర్వాత ఆ కాలనీలో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు.

నెల తర్వాత ఉంగరం మానస పట్టుచీర మడతల్లో దొరికింది.

"మరి ఆరోజు గుప్పిట్లో ఏం దాచాడు?" అన్నాడు హేమంత్ తెల్లబోయి.

సుబ్బాయమ్మ ఇక దాచలేకపోయింది.

"చిమ్మిలి ఉండరా! నేను మందు కలిపి పెట్టిన ఉండ. నా పేరు బయటపడకూడదని నీ చేత దెబ్బ తిన్నాడురా ఆ మహానుభావుడు!"

మానస ఇందుజని గుండెలకి అదుముకుంది. అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు. బొమ్మల పెట్టె వైపు చూస్తూ చాలాసేపు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే తల్లీకొడుకులు కలిదిండి వెళ్ళారు. నిత్యానందం ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి కనకరత్నం అరుగు మీద కూర్చుని చేపలు బాగుచేసుకుంటోంది.

"నిత్యానందం గారాండి? జ్వరమొచ్చి పోయారండి. మొన్న ఆదివారమే సమాధి చేశాం."

సుబ్బాయమ్మ ఆ అరుగు మీదే బావురుమంది. జరిగిందంతా చెప్పింది.

"నేను అతనికి ఏమవుతానమ్మా? నాకిచ్చిన మాట కోసం దొంగతనం నెత్తిన వేసుకోవాలా?"

కనకరత్నం చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"చాన్నాళ్ళ కిందట వాళ్ళ మనవడు కూడా అలాంటి మందు ఉండే తిన్నాడండి. ఏలూరు ఆసుపత్రిలో వేస్తే పిల్లాడు బతికాడండి. ఆ పిల్లాడి నాయనమ్మ కాంతం గారే ఆ సాయంత్రం కాలవలో దూకి చచ్చిపోయారు."

"పిల్లాడు బతికాడంటున్నావు, మరి ఆవిడెందుకమ్మా?"

"ఆ ఉండ పెట్టింది నా పెళ్ళామేనని ఊరందరి ముందూ చెప్పింది నిత్యానందం గారేనండి."