లిటియా ఇచ్చిన సీసా

రాజధాని సువా నుంచి వచ్చిన విద్యార్థి సంఘం పిల్లలు మా ఊరి సభాగృహంలో చాపల మీద కూర్చున్నారు. ఒకరిది డాక్టరు చదువు, ఒకరిది ఇంజనీరు చదువు, ఒకరిది లా చదువు. అందరూ కలిసి మా ఊరి పసివాళ్ళ విరేచనాలకు కారణం వెతుకుతున్నారు.

వాళ్ళలో పెద్దపిల్ల లిటియా కాగితం చదివింది. "మీ బావి నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని పరీక్షలో తేలింది. పిల్లలకు తినిపించే ముందు తల్లులు చేతులు కడుక్కోవాలి. అందుకని కొత్త బోరు ఏటి అవతలి ఊళ్ళో వేయిస్తున్నాం."

"విన్నారా ఆడాళ్ళూ, రేపట్నుంచి సబ్బు కూడా వండండి," అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. మా కోడలు మేరే నవ్వలేదు. నాలుగు రోజులుగా నీరసించి ఒళ్ళో పడి ఉన్న బిడ్డ కింద తన చేతులు దాచుకుంది.

అందరం వరసగా తాగే యంగోనా వేరు రసం చిప్ప నా వంతుకు వచ్చింది. నేను తాగకుండా పట్టుకుని కూర్చున్నాను. సభలో ఎన్నడూ నోరు విప్పినవాణ్ణి కాను.

"లిటియా తల్లీ, పోయిన నెల పరీక్షకని నాకిచ్చావే, అలాంటి సీసా ఇంకోటి ఉందా?"

"ఉంది తాతయ్యా. ఎందుకూ?"

"ఈసారి మా బావి నీళ్ళు నింపుతాను."

నేను చాపనే చూస్తూ చెప్పాను.

"ఆ రోజు కొండెక్కి ఊట నీళ్ళు తెచ్చానమ్మా. ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో మా బావిలోని పచ్చటి నీళ్ళు పెట్టడానికి సిగ్గేసింది."

మేరే చేతులు బయటికి తీసింది. నావి ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.